చేపల ట్యాంకు లైటుల చోకు పోతే మనమే ఎట్ల మార్చుకోవాలె

చేపల ట్యాంకు మీద లైటు వెలుగుతలేదంటే మనోళ్ళు ఫస్టు చేసే పని కొత్త ట్యూబు కొనుక్కొచ్చి పెట్టుడు, అది గూడ వెలగకపోతే ఇగ టాప్ కవర్ మొత్తం తీసి పక్కకు పడేసి కొత్తది కొనుడు. చాలాసార్లు పోయేది ట్యూబు కాదు, టాప్ కవర్ అంతకన్నా కాదు, దాని లోపల మూలకు ఉండే చోకు. ఎల్ఈడీలు ఎన్ని వచ్చినా మన హన్మకొండ, వరంగల్, కాజీపేట దిక్కు పాత ట్యాంకులు ఉన్నోళ్ళ ఇండ్లల్ల ఇంకా ట్యూబు లైట్లే ఉన్నయి, మొక్కలు పెంచేటోళ్ళు కొంతమంది ఆ వెలుతురే కావాలని ఉంచుకున్నరు, కవర్ కూడా ట్యాంకు సైజుకు సరిపోయేది మళ్ళ దొరకదు. అందుకే చోకు ఒక్కటి మార్చుకునుడు వస్తే ఇంకొన్నేండ్లు ఆ సెట్టు మంచిగ నడుస్తది.

పని పెద్ద కష్టం కాదు. ఇంట్ల స్విచ్చో హోల్డరో మార్చిన చేయి ఉన్నోళ్ళు సాయంత్రం కూసుంటే అయిపోతది. కాకుంటే ఇది గోడ మీద ట్యూబు లైటు అసొంటిది కాదు, కింద నీళ్ళున్నయి, ఆ నీళ్ళల్ల మనం చేతులు పెడ్తం, పిల్లలు పెడ్తరు. అందుకే నేను రాసేదాంట్ల మీకు చిరాకు అనిపించే జాగ్రత్తలు కొన్ని ఉంటయి, వాటిని దాటేసి పోవద్దు. ఇప్పటిదాకా ఒక్క వైరు గూడ కలపనోళ్ళైతే ఎలక్ట్రీషియన్‌నే పిలుసుకోండ్రి, కని ఇది చదివి పెట్టుకోండ్రి, ఏం కొనాలె, ఎక్కడ పెట్టాలె అని ఆయనకు మీరే చెప్పొచ్చు, ఎందుకంటే చాలామంది ఎలక్ట్రీషియన్లు ట్యాంకు లైటును గూడ మామూలు లైటు లెక్కనే చేసి పోతరు.

చోకు చేసే పని ఏంది

ట్యూబుల గ్యాస్ ఉంటది, జరంత పాదరసం ఉంటది. ఒక్కసారి అది అంటుకున్నంక కరెంటు పెరిగినకొద్దీ దాని అడ్డు తగ్గుకుంట పోతది, అంటే ఇంకా ఎక్కువ గుంజుతది, డైరెక్టుగ 230 వోల్టులు ఇస్తే క్షణంల కాలిపోతది. ఆ గుంజుడును ఆపే కళ్ళెం చోకు. స్టార్టింగుల ట్యూబును అంటుపెట్టే ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది గూడ అదే.

రెండు రకాలున్నయి. పాత ఇనుప చోకు, చేతిల పట్టుకుంటే బరువుగ ఉంటది, లోపల రేకుల మీద రాగి తీగ చుట్టి ఉంటది, దీనికి పక్కన స్టార్టర్ ఉండాలె, వెలిగేటప్పుడు టకటక కొట్టుకుంటది. రెండోది ఎలక్ట్రానిక్ చోకు, తేలిగ్గ ఉంటది, లోపల చిన్న సర్క్యూట్ బోర్డు, అది మన 50 హెర్ట్జ్ కరెంటును 20 వేల హెర్ట్జ్ పైకి మార్చి ట్యూబుకు ఇస్తది, స్టార్టర్ ఉండదు, స్విచ్ వేస్తే టక్కున వెలుగుతది. రెడీమేడ్ టాప్ కవర్లల్ల ఈ మధ్య వచ్చినయి దాదాపు అన్నీ ఎలక్ట్రానిక్‌వే.

పోయింది చోకేనా, ఇంకోటా

ఇది తేల్చుకోకుంట షాపుకు పోవద్దు.

స్టార్టర్ ఉన్న సెట్టు అయితే ముందు స్టార్టర్ మార్చి చూడుండ్రి, అన్నిట్ల చవకది అదే. ట్యూబు రెండు కొసలు ఎర్రగ వెలిగి నడుమ అంటుకోకపోతే స్టార్టర్ లోపల అతుక్కపోయినట్టు లెక్క. అంటుకునుడు ఆరుడు, అంటుకునుడు ఆరుడు చేస్తుంటే ట్యూబు ముసలిదైంది, కొసల కాడ నల్లగ అయి ఉంటది చూడుండ్రి. అసలు ఏ చప్పుడు లేదు, ఏ వెలుగు లేదు అంటే ట్యూబు ఫిలమెంటు గానీ, చోకు తీగ గానీ, హోల్డర్ కాడ కాంటాక్టు గానీ తెగినట్టు.

ఎలక్ట్రానిక్‌దాంట్ల లక్షణాలు వేరే ఉంటయి. రెండు ట్యూబుల సెట్టుల రెండూ ఒక్కసారే పోయినయంటే అనుమానం చోకు మీదికే పోవాలె, రెండు ట్యూబులు ఒక్కరోజే కాలిపోవుడు అరుదు. కొద్దిసేపు వెలిగి వేడెక్కినంక ఆరిపోయి, చల్లబడ్డంక మళ్ళ వెలిగితే అది గూడ చోకే. కాలిన వాసన వస్తే ఇగ టెస్టులు గిస్టులు ఏం వద్దు, ప్లగ్గు పీకేయుండ్రి.

మల్టీమీటర్ ఉంటే పని తొందరగ తేలిపోతది, లేకుంటే చిన్నది ఒకటి కొనుక్కుంటే ఇంటికి ఎప్పటికీ పనికొస్తది. ట్యూబును తీసి, ఒక కొసన ఉన్న రెండు పిన్నుల మీద ఓంలు, అంటే కరెంటుకు ఉండే అడ్డు కొలత, చూడుండ్రి, కొన్ని ఓంలు చూపెట్టాలె, రెండో కొసన గూడ అంతే. ఏదన్న ఒక కొస ఏం చూపకపోతే ఫిలమెంటు తెగింది, ట్యూబు పోయినట్టే. ఇనుప చోకుకైతే రెండు వైర్ల మధ్య కొన్ని పదుల ఓంలు రావాలె. ఏం రాకపోతే తీగ తెగింది, సున్నాకు దగ్గర చూపితే లోపల చుట్లు కాలి కలిసిపోయినయి. ఈ రెండోది మస్తు డేంజరు, ఎందుకంటే దానికి కొత్త ట్యూబు పెట్టంగనే ఆ ట్యూబు ఫిలమెంట్లు గూడ కాల్చేస్తది, పెట్టిన ట్యూబు పెట్టినట్టే పోతుందంటే ఇదే కారణం. ఎలక్ట్రానిక్ చోకును మీటర్‌తోని అట్ల తేల్చలేం, మంచిదని తెలిసిన ట్యూబు పెట్టి చూసుడే దారి.

హోల్డర్లను మర్చిపోవద్దు. ట్యాంకు మీద హోల్డర్లకు ఎప్పుడూ తేమ తగులుతనే ఉంటది, లోపలి ఇత్తడి రేకుకు పచ్చగ చిలుము పడ్తది. నాకు తెలిసిన కాజీపేట ఆయన ఇంట్ల మూడడుగుల ట్యాంకు లైటు పోయిందంటే పోయి చూస్తే చోకు మంచిగనే ఉంది, హోల్డర్ సందుల పచ్చగ పిండి లెక్క పేరుకపోయి ఉంది, పిన్ను దానికి ఆనుతనే లేదు. ట్యూబు తిప్పుతుంటే ఒక్కసారి మినుకుమని వెలిగిందంటే ముందు హోల్డర్‌నే అనుమానించాలె. కొత్త హోల్డర్ల జత పెద్ద ధర కాదు, చోకు మార్చేటప్పుడు అవి గూడ మార్చేసుడే నా సలహా.

షాపుకు పోయేముందు

పాత చోకు మీద, ట్యూబు మీద ఉన్న అక్షరాలన్నీ ఫోన్‌ల ఫోటో తీసుకోండ్రి. పాత ట్యూబును పాత పేపర్ల చుట్టి వెంట పట్టుకపోతే ఇంకా మంచిది.

కొనేటప్పుడు చూడాల్సింది ట్యూబు పొడుగు కాదు, వాట్లు. ఇక్కడనే ఎక్కువమంది మోసపోతరు. లావుగ, ఒక అంగుళం మందం ఉన్నది టీ8, అంటే 26 ఎంఎం, దాని పిన్నుల మధ్య దూరం 13 ఎంఎం. సన్నగ 16 ఎంఎం ఉన్నది టీ5, పిన్నుల మధ్య 5 ఎంఎం. టీ8 ల లెక్క సులువు, రెండడుగులది 18 వాట్లు, నాలుగడుగులది 36 వాట్లు, అడుగున్నర దగ్గర ఉండేది 15 వాట్లు. టీ5 ల చిక్కు ఏందంటే ఒకే పొడుగుల రెండు రకాల వాట్లు ఉంటయి. 549 ఎంఎం ట్యూబు 14 వాట్లది ఉంటది, 24 వాట్లది గూడ ఉంటది. 849 ల 21, 39. 1149 ల 28, 54. చూసేదానికి ఒక్కతీరుగనే ఉంటయి. 14 వాట్ల ట్యూబును 24 వాట్ల చోకు మీద పెడ్తే మొదట్ల మస్తు వెలుతురు అనిపిస్తది, తర్వాత కొసలు నల్లబడి తొందరగనే పోతది. 24 వాట్లదాన్ని 14 వాట్ల చోకు మీద పెడ్తే మసకగ, మినుకుమినుకుమంటది. ఈ టీ5 లకు ఎలక్ట్రానిక్ చోకే పెట్టాలె, ఇనుపది నడువదు.

మడిచినట్టుండే పీఎల్ దీపాలు ఉన్న కవర్లు గూడ మన దగ్గర మస్తు ఉన్నయి. కింద రెండు పిన్నులు ఉంటే దాని లోపలనే స్టార్టర్ ఉన్నది, అది ఇనుప చోకుతోనే నడుస్తది. నాలుగు పిన్నులు ఉంటే ఎలక్ట్రానిక్ చోకు పెట్టుకోవచ్చు. షాపాయన రెండిటికీ ఒకటే చోకు ఇస్తనంటే తీస్కోవద్దు.

రెండు ట్యూబులు ఒక్క చోకు మీద నడిచే సెట్టు అయితే రెండు ట్యూబుల చోకు అనే అడుగుండ్రి. పాత సెట్లల్ల రెండడుగుల 18 వాట్లవి రెండు, ఒక్క 36 వాట్ల ఇనుప చోకు మీద వరుసగ కలిపి ఉంటయి, వాటికి స్టార్టర్లు గూడ వేరే, ఎస్2 అని రాసి ఉన్నవే పెట్టాలె, మామూలుగ దొరికే ఎస్10 పెడ్తే సరిగ అంటుకోవు.

ఎలక్ట్రానిక్ చోకు కొనేటప్పుడు జర ధర పెట్టుండ్రి. అన్నిటికన్నా చవకది తేవద్దు. మంచిదానికి వోల్టేజీ రేంజి, ఎంత వేడిదాకా తట్టుకుంటదో, ఏ ట్యూబుకు ఏ వైరో బొమ్మ, ఐఎస్ఐ గుర్తు అన్నీ మీదనే అచ్చేసి ఉంటయి. మన దిక్కు మే నెలల ఎండ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు, 44, 45 డిగ్రీలు కొట్టే రోజుల్ల మూసిపెట్టిన కవర్ లోపల ఇంకెంత ఉంటదో చూసుకోండ్రి. చోకు లోపల చిన్న డబ్బా లెక్క ఉండే కెపాసిటర్‌కు పది డిగ్రీలు పెరిగితే ఆయుస్సు సగం అయితదని ఎలక్ట్రానిక్స్ పనోళ్ళు లెక్క వేసుకుంటరు. పాడైన చోకు డబ్బా విప్పి చూస్తే ఎక్కువగ కనిపించేది అదే, కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంటది, దాని కింద బోర్డు మీద గోధుమ రంగు మరక, పక్కన టంకం కాడ తెల్లగ ఉప్పు పొర. ఆ తెలుపు మన బోరు నీళ్ళ సున్నం, ఎయిర్ పంపు బుడగలు పగిలి తుంపర్లు ఎగిరి అక్కడిదాకా పోతయి.

చోకుతోని పాటు ఇవి తెచ్చుకోండ్రి: స్క్రూలు ఉండే స్ట్రిప్ కనెక్టర్, హీట్ ష్రింక్ స్లీవులు (వేడిచేస్తే వైరుకు బిగుసుకునే గొట్టాలు) లేకుంటే మంచి ఇన్సులేషన్ టేపు, ఒక మూత ఉన్న ప్లాస్టిక్ జంక్షన్ డబ్బా, కొంచెం వైరు, కొత్త హోల్డర్లు. ఇంట్ల పేచ్‌కస్, కటింగ్ ప్లేయర్, టెస్టర్ ఉండనే ఉంటయి.

విప్పుడు

ఫస్టు ప్లగ్గు పీకాలె. స్విచ్ బంద్ చేసిన అంటే సరిపోదు. పాత ఇండ్లల్ల వైరింగ్ చేసేటప్పుడు స్విచ్ ఫేస్‌కు బదులు న్యూట్రల్‌ల పెట్టినయి చాలా ఉన్నయి, అక్కడ స్విచ్ బంద్ ఉన్నా లైటు లోపలిదాకా కరెంటు ఉంటది. ఫిల్టర్, హీటర్, ఎయిర్ పంపు ప్లగ్గులు గూడ అన్నీ పీకేయుండ్రి, ట్యాంకు మీద చెయ్యి పెట్టి పనిచేసే ఆ కొద్దిసేపు నీళ్ళల్ల ఏ కరెంటు సామాను నడువొద్దు. కవర్ కిందికి దించినంక ఫిల్టర్, పంపు మళ్ళ వేసుకోవచ్చు. హీటర్ పెట్టి ఉన్నోళ్ళు అది నీళ్ళల్ల మునిగే ఉందో లేదో చూసే వేయాలె.

కవర్ తీసినంక ట్యాంకు మీద దోమతెర ముక్కో పల్చని బట్టో కప్పి చుట్టూ క్లిప్పులు పెట్టుండ్రి. బెట్టా, గప్పీ, గురామీ, చిన్న కోయి చేపలు ఎగిరి బయట పడ్తయి, మూత లేని రాత్రి పొద్దుగాల వరకు నేల మీద దొరుకుతయి. లైటు లేకున్నా చేపలకు రెండు మూడు రోజులు ఏం కాదు, మొక్కలకు గూడ ఏం కాదు, అందుకని హడావిడి పడొద్దు.

లైటు సెట్టును ట్యాంకు మీద పెట్టే పని చేయొద్దు. ఎంత బరువున్నా కిందికి దించి, ట్యాంకుకు దూరంగ టేబుల్ మీదనో నేల మీద పాత దుప్పటి పరిచో పెట్టుకోవాలె. ట్యూబు జారి నీళ్ళల్ల పగిలిందనుకోండ్రి, గాజు పెంకులు ఏరుడు ఒక బాధ, లోపలి పాదరసం ఆ నీళ్ళల్ల కలిసుడు ఇంకో బాధ. బయట పగిలినా గూడ కిటికీలు తెరిచి పిల్లలను బయటికి పంపి, ఒక పదిహేను నిమిషాలు ఆగి, అట్టముక్కతోని ఎత్తి తడి పేపర్‌తోని తుడువాలె. చీపురుతోని ఊడ్చొద్దు, అది ఇల్లంత పరుస్తది.

ట్యూబు తీసేటప్పుడు రెండు కొసలు ఒక్కసారే పట్టుకోని పావు చుట్టు తిప్పి కిందికి గుంజాలె. కొన్ని కవర్లల్ల కొసలకు రబ్బరు మూతలు ఉంటయి, వాటిని ముందు వెనక్కి జరపాలె, ఎండకపోయి గట్టిపడితే కొంచెం వేడి నీళ్ళ బట్ట అద్దితే మెత్తబడతయి.

ఇగ చోకు ఉన్న భాగం మీది మూత స్క్రూలు తీయుండ్రి. తుప్పు పట్టి తిరగకపోతే గట్టిగ తిప్పి గాడి చెడగొట్టొద్దు, ఒక చుక్క నూనె వేసి కొంతసేపు ఆగుండ్రి. మూత తీయంగనే లోపల చేతులు పెట్టొద్దు. ఎలక్ట్రానిక్ చోకు కెపాసిటర్‌ల 320 వోల్టుల దాకా నిల్వ ఉంటది, ప్లగ్గు పీకినంక గూడ, ముఖ్యంగ పాడైన చోకుల అది దిగిపోకుంట ఉండే అవకాశం ఎక్కువ. పది నిమిషాలు ఆగి, చోకు డబ్బాను విప్పకుంట, వైర్లు మాత్రమే పట్టుకోని పని చేయుండ్రి. దాన్ని రిపేరు చేస్తమని డబ్బా తెరవకుండ్రి, అది తెలిసినోళ్ళ పని.

తీసే ముందు వైర్లు ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయాలె, రెండు దిక్కుల నుంచి. ఏ రంగు వైరు ఏ హోల్డర్‌కు పోతుందో పేపరు మీద గీసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే కొత్త చోకుల రంగులు పాతదానితోని కలువయి. తర్వాత హోల్డర్ల దిక్కు మూడు నాలుగు అంగుళాల వైరు మిగిలేటట్టు కత్తిరించి పాత చోకు తీసేయుండ్రి.

కొత్తది లోపల పెట్టొద్దు

నేను గట్టిగ చెప్పేది ఇదొక్కటే. పాత చోకు ఎక్కడ ఉందో కొత్తది గూడ అక్కడనే బిగిస్తే అది గూడ అట్లనే పోతది. కింద నీళ్ళ ఆవిరి, పక్కన ట్యూబు వేడి, పైన గాలి ఆడని మూత, చోకుకు ఇంతకన్నా చెడ్డ జాగ లేదు. ఇనుప చోకైతే అది ఒక్కటే పది వాట్ల దాకా వేడి పుట్టిస్తది, ఎండకాలం ఆ వేడంతా నీళ్ళకు గూడ పోతది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచేది అప్పుడే. అందుకే జంక్షన్ డబ్బా తెమ్మన్న. చోకును ఆ డబ్బాల పెట్టి, ట్యాంకు వెనుక గోడకో, స్టాండుకో, నీళ్ళ మట్టం కన్నా పైన, తుంపర్లు పడని దిక్కు బిగియుండ్రి. డబ్బాకు కింది వైపు నాలుగు చిన్న రంధ్రాలు పెడ్తే గాలి ఆడతది, పైన మాత్రం పెట్టొద్దు.

ఎలక్ట్రానిక్ చోకు నుంచి ట్యూబుకు పోయే వైర్లు ఎంత పొట్టిగ ఉంటే అంత మంచిది, మీటరు దాటకుంట చూసుకోండ్రి, ఆ వైర్లల్ల ఎక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు పోతది, మరీ పొడుగైతే వెలుతురు తగ్గుడు, సరిగ అంటుకోకపోవుడు మొదలైతది. ఇనుప చోకుకు ఈ బాధ లేదు.

వైర్లు కలుపుడు

ఇనుప చోకు సెట్టు అయితే దారి ఇట్ల ఉంటది. ఫేస్ వైరు చోకుకు రావాలె, చోకు రెండో వైరు ట్యూబు ఒక కొసల ఒక పిన్నుకు. అదే కొసల రెండో పిన్ను నుంచి స్టార్టర్‌కు, స్టార్టర్ నుంచి ట్యూబు అవతలి కొసల ఒక పిన్నుకు. అవతలి కొసల మిగిలిన పిన్ను న్యూట్రల్‌కు. అంతే. చోకు ఫేస్ దిక్కే ఉండాలె, న్యూట్రల్ దిక్కు పెట్టినా వెలుగుతది గానీ ట్యూబుల ఎప్పుడూ కరెంటు తగిలి ఉంటది. మన రెండు పిన్నుల ప్లగ్గులు అటు ఇటు ఎట్లనైన పడ్తయి కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు పెడితేనే ఈ ఫేస్, న్యూట్రల్ మాటకు అర్థం ఉంటది.

ఎలక్ట్రానిక్‌దానికి ఒక దిక్కు రెండు వైర్లు, అవి ఫేస్, న్యూట్రల్. ఇంకో దిక్కు ఒక్క ట్యూబుకైతే నాలుగు వైర్లు, రెండు జతలు. ఒక జత ట్యూబు ఒక కొసల రెండు పిన్నులకు, ఇంకో జత రెండో కొసల రెండు పిన్నులకు. జతలను కలగలిపి ఒక కొసకు ఒక్కో జతల నుంచి ఒక్కోటి ఇచ్చినా, ఈ దిక్కు వైర్లకు కరెంటు ఇచ్చినా చోకు అప్పటికప్పుడే పోతది. రంగులను నమ్మొద్దు, డబ్బా మీద బొమ్మ చూడుండ్రి, రెండు ట్యూబులవైతే ఇంకా జాగ్రత్తగ చూడాలె, కంపెనీకో తీరుగ ఉంటయి. స్టార్టర్ ఉన్న పాత సెట్టును ఎలక్ట్రానిక్‌కు మారుస్తుంటే స్టార్టర్, దాని వైర్లు మొత్తం తీసేయాలె.

హోల్డర్ల సంగతి ఒకటి చెప్తా, చాలామందికి ఇక్కడ చిక్కొస్తది. వీటికి స్క్రూలు ఉండవు, చిన్న రంధ్రంల వైరు గుచ్చితే లోపలి రేకు పట్టుకుంటది. ఒంటి తీగ వైరైతేనే అది పట్టుకుంటది. మనం మామూలుగ వాడే మెత్తటి పోగుల వైరు గుచ్చితే పోగులు విడిపోయి కొన్ని లోపల, కొన్ని బయట ఉంటయి, గుంజితే ఊడొస్తది, ఊడకపోతే వేడెక్కుతది. పోగుల వైరే ఉంటే కొసకు టంకం పెట్టి గట్టిగ చేసుకోని గుచ్చుండ్రి. గుచ్చినంక ప్రతి వైరునూ మెల్లగ గుంజి చూడాలె.

అతుకులన్నీ ఆ జంక్షన్ డబ్బాలనే, స్ట్రిప్ కనెక్టర్‌లనే వేయాలె, ట్యాంకు పైన కవర్ లోపల ఉత్త టేపు చుట్టి వదిలిపెట్టొద్దు, తేమకు ఆ టేపు జిగురు కారిపోయి ఊడుతది. తప్పక అక్కడ అతుకు వేయాల్సొస్తే టంకం పెట్టి, స్లీవు ఎక్కించి వేడిచేసి బిగియుండ్రి. వైరు లోపలికి పోయే రంధ్రాలను సిలికాన్‌తోని మూసేటోళ్ళు వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వాడొద్దు. అది ట్యాంకు అద్దాలకు మంచిదే గానీ, ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగిని, బోర్డును తినేస్తది. న్యూట్రల్ సిలికాన్ అని అడిగితే ఇస్తరు.

కవర్ లోపల రేకు రిఫ్లెక్టర్ గానీ, ఇనుప పట్టీ గానీ ఉంటే దానికి ఎర్త్ వైరు తప్పక బిగియాలె. రంగు ఉన్న కాడ బిగిస్తే ఆనదు, గీకి బిగియుండ్రి. ఇంట్ల ఎర్తింగే లేదనేటోళ్ళు ఈ ట్యాంకు కన్నా ముందు ఆ పని చూసుకోవాలె. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మెయిన్‌ల ఉంటే మస్తు మంచిది, లీకేజీ తగలంగనే సెకండుల చిన్న భాగంల కరెంటు కొట్టేస్తది. చేపల ట్యాంకు ఉన్న ఏ ఇంటికైనా అది ఉండాలని నేను అనుకుంట, దాని మీదున్న టెస్టు బటన్ నెలకొకసారి నొక్కి పనిచేస్తుందో లేదో చూస్తుండాలె.

ఎక్కించే ముందు

ఇంకా ట్యాంకు మీద పెట్టకుంట, టేబుల్ మీదనే ట్యూబు పెట్టి, మూతలన్నీ బిగించి, చేతులు పొడిగ తుడుచుకోని ప్లగ్గు పెట్టుండ్రి. ఇరవై నిమిషాలు వెలగనీయుండ్రి. కొత్త ట్యూబుల వెలుతురు సుడులు తిరిగినట్టు కనపడితే భయపడొద్దు, కొంతసేపటికి సర్దుకుంటది. ఎలక్ట్రానిక్ చోకు గోరువెచ్చగ కావాలె, చెయ్యి పెట్టలేనంత కావొద్దు. ఇనుపది మాత్రం చెయ్యి ఎక్కువసేపు పెట్టలేనంత వేడి అయితది, అది మామూలే. గుయ్యిమని చప్పుడు వస్తే బిగించిన స్క్రూలు వదులుగ ఉన్నయేమో చూడుండ్రి. రేకు కవర్ అయితే టెస్టర్ పెట్టి చూడుండ్రి, వెలిగితే ప్లగ్గు పీకి ఎర్త్ మళ్ళ చూడాలె, అట్లనే ట్యాంకు మీద ఎక్కియ్యొద్దు.

అంతా మంచిగుంటే ట్యాంకు మీదికి. వైరు ప్లగ్గు బోర్డుకు పోయే ముందు బోర్డు కన్నా కిందికి ఒక వంపు వేలాడాలె, వైరు పట్టుకోని జారిన నీళ్ళు ఆ వంపు కాడ కింద పడ్తయి, బోర్డులకు పోవు. ఎక్స్‌టెన్షన్ బాక్సును ట్యాంకు కింద స్టాండుల పెట్టినోళ్ళు దాన్ని గోడకు ఎత్తి బిగియుండ్రి. ట్యూబుకు, నీళ్ళకు నడుమ అద్దం మూత ఉంటే హోల్డర్లకు చిలుము పట్టుడు మస్తు తగ్గుతది, లేనోళ్ళు ట్యాంకు కొలతకు అద్దం కోయించుకోండ్రి, ఎయిర్ పైపుకు మూలకు సందు ఉంచి. ఆ అద్దం మీద సున్నం తెల్లగ పడితే నిమ్మకాయ నీళ్ళతోని తుడిచేయొచ్చు.

ట్యూబు గూడ కొత్తదైతే మొదటి వారం రోజుకు ఆరు గంటలే వేయుండ్రి, పాత ట్యూబు మసకకు అలవాటు పడ్డ ట్యాంకుల ఒక్కసారి వెలుతురు పెరిగితే పచ్చ నాచు కమ్ముకొస్తది. తర్వాత మెల్లగ ఎనిమిది గంటలకు తేవచ్చు.

ఫిలమెంటు పోయిన ట్యూబు రెండు పిన్నులకు సన్న తీగ చుట్టి ఎలక్ట్రానిక్ చోకు మీద వెలిగిచ్చేటోళ్ళు ఉన్నరు, వెలుగుతది గూడ. ట్యాంకు మీద ఆ పని చేయకుండ్రి, ఆ కొస మస్తు వేడెక్కి హోల్డర్ కరుగుతది, కొత్త చోకును గూడ తినేస్తది.

ట్యూబులు ఇంకెన్నేండ్లు దొరుకుతయనే అనుమానం ఉండొచ్చు. పాదరసం మీద ఉన్న మినమాటా ఒప్పందంల 2027 కల్లా ఈ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతి ఆపాలని 2023 ల దేశాలు నిర్ణయం చేసినయి, మన దేశం గూడ ఆ ఒప్పందంల ఉంది. అందుకే కవర్ మంచిగున్నోళ్ళు మీ సైజు ట్యూబులు ఒకటి రెండు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండ్రి. హోల్డర్లు, రేకు అన్నీ పాడైపోయి ఉంటే మాత్రం చోకు మీద పైసలు పెట్టకుండ్రి, నీళ్ళకు తట్టుకునే ఎల్ఈడీ పట్టీ తెచ్చుకునుడే నయం.

ఇగ పాత సామాను. ఇనుప చోకుల రాగి ఉంటది కాబట్టి పాత ఇనుప సామానోళ్ళు తూకానికి తీసుకుంటరు. ఎలక్ట్రానిక్ చోకు, పాత ట్యూబు మాత్రం మున్సిపాలిటీ చెత్త బండిల మామూలు చెత్తతోని కలపొద్దు, 2022 ఈ-వేస్ట్ రూల్సుల ట్యూబు లైట్లు గూడ ఈ-వేస్ట్ కిందికే వస్తయి. ట్యూబును పగలగొట్టకుంట కొత్త ట్యూబు వచ్చిన అట్ట పెట్టెలనే పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేటోళ్ళు వచ్చినప్పుడు రెండూ కలిపి ఇచ్చేయుండ్రి.